జపాన్ వాళ్ల పాత తిండి, కొత్త తిండి: ఆయుష్షు పెంచింది ఏది?

క్లుప్తంగా

జపాన్ వాళ్లు ఎక్కువ కాలం బతకడానికి తాతముత్తాతల తిండే కారణం అనే మాటలో సగమే నిజం ఉంది. ఆ పాత తిండిలో తెల్లన్నం, ఉప్పు బాగా ఎక్కువ. పాలు, మాంసం, నూనె దాదాపు లేవు. దాని వల్ల వచ్చిన జబ్బులూ తక్కువేం కాదు. పాత భోజనం అమరిక చెదరకుండా, అందులోకి కొత్త సరుకులు కొద్దికొద్దిగా వచ్చి చేరిన రోజులే ఆరోగ్యపరంగా మెరుగైనవి. ఇప్పుడు ఆ అమరికే కరిగిపోతోంది. 2024లో మొదలైన బియ్యం కొరతకూ, ఈ మార్పుకూ సంబంధం ఉంది.

రెండు రకాల వార్తలు

జపాన్ వాళ్లు నూనె వాడరు, పచ్చి చేప తింటారు, కడుపులో కొంచెం ఖాళీ ఉంచుకుని లేస్తారు, అందుకే నూరేళ్లు బతుకుతారు అనే సందేశం వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. నూరేళ్లు దాటినవాళ్లు అక్కడ చాలామందే ఉన్న మాట నిజం. 2024 సెప్టెంబరు ప్రభుత్వ లెక్కల ప్రకారం వారి సంఖ్య 95 వేలు దాటింది. అదే ఏడాది వేసవిలో అక్కడి నుంచి వేరే రకం వార్తలు వచ్చాయి. సూపర్‌మార్కెట్లలో బియ్యం అరలు ఖాళీ అయ్యాయి. చాలా షాపుల్లో కుటుంబానికి ఒక్క సంచే అన్నారు. మరుసటి ఏడాది వసంతానికి ధర రెట్టింపైంది.

అన్నం తినే దేశంలో అన్నానికి కరువేమిటి? అసలు వాళ్లిప్పుడు అన్నం ఎంత తింటున్నారు? వాళ్ల ఆయుష్షుకు కారణమని చెప్పే తిండి ఏ కాలం నాటిది? 'జపాన్ తిండి' అని ఒకే పేరు పెట్టి మాట్లాడితే వీటికి జవాబు దొరకదు. గత 150 ఏళ్లలో ఆ దేశం భోజనం కనీసం మూడుసార్లు మారింది.

ఒక చారు, మూడు వంటకాలు

జపాన్ సంప్రదాయ భోజనానికి 'ఇచిజూ సన్సాయ్' అని పేరు. అంటే ఒక చారు, మూడు వంటకాలు. అన్నం, ఊరగాయ ఎలాగూ ఉంటాయి కాబట్టి లెక్కలోకి రావు. పాత పద్ధతి సత్రంలో ఉదయం పూట వచ్చే పళ్లెం చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఎడమ చేతి వైపు అన్నం గిన్నె. కుడి వైపు మిసో చారు, అంటే పులియబెట్టిన సోయా ముద్ద కలిపి కాచిన చారు. అందులో రెండు మూడు టోఫు, అంటే సోయా పనీర్, ముక్కలు, కొంచెం సముద్రపు నాచు. వాటి వెనక అరచేయంత ఉప్పు చేప ముక్క, నిప్పు మీద కాల్చినది. ఒక చుట్ట గుడ్డట్టు. పులియబెట్టిన సోయా గింజలు, వాటిని నత్తో అంటారు, చాప్‌స్టిక్‌తో ఎత్తితే సన్నని తీగలు సాగుతాయి. చిన్న సాసరులో ముల్లంగి ఊరగాయ. పక్కన గ్రీన్ టీ. ప్రతి వంటకానికీ వేరే గిన్నె, ఏ గిన్నెలోనూ నాలుగు ముద్దల కంటే ఎక్కువ ఉండదు.

తెలుగువారికి ఇందులో వంటకాల కంటే తినే పద్ధతే కొత్తగా ఉంటుంది. మనం అన్నంలో పప్పు కలుపుకుంటాం, పులుసు పోసుకుంటాం, చివర పెరుగు వేసుకుంటాం. రుచి కంచంలోనే తయారై నోట్లోకి వెళుతుంది. అక్కడ మామూలు భోజనంలో అన్నం తెల్లగా, చప్పగా గిన్నెలోనే ఉంటుంది. ఒక ముద్ద అన్నం, ఒక ముక్క చేప, ఒక గుక్క చారు, మళ్లీ అన్నం. కలపడమంతా నోట్లో జరుగుతుంది. ఒక వంటకం పూర్తిగా ముగించి ఇంకోదానికి పోకుండా ఇలా మార్చి మార్చి తినమని బళ్లలో నేర్పేవారు కూడా. తినే వేగం దీనివల్ల సహజంగానే తగ్గుతుంది. చప్పటి అన్నం లోపలికి వెళ్లాలంటే పక్కన ఉప్పగా ఏదో ఒకటి తప్పదన్నది దీని రెండో పర్యవసానం. ఈ రెండో విషయం తర్వాత చాలా ముఖ్యమవుతుంది.

బియ్యం రకం కూడా ఈ పద్ధతికి సరిపోయేదే. పొట్టిగా, గుండ్రంగా ఉండే జపోనికా గింజ ఉడికాక ఒకదానికొకటి అంటుకుంటుంది, పుల్లలతో ఎత్తడానికి వీలుగా ఉంటుంది. మన పొడిపొడి సన్నాలు వేరే ఉపజాతి, ఇండికా. అయినా రెంటికీ దూరపు చుట్టరికం ఉంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, తల్లిదండ్రుల్లో ఒకటి మసూరి. ఆ మసూరి పుట్టింది ఒక ఇండికా రకాన్ని తైచుంగ్ 65 అనే జపోనికా రకంతో సంకరం చేస్తే. తైవాన్ జపాన్ పాలనలో ఉన్న రోజుల్లో అభివృద్ధి చేసిన రకం అది.

నూనె లేకుండా రుచి ఎలా వస్తుంది

మన వంటలో రుచిని మోసేది పోపు, అంటే నూనె. జపాన్ వంటలో ఆ పని చేసేది దాషి అనే పల్చటి చారునీళ్లు. కొంబు అనే ఎండబెట్టిన సముద్రపు నాచు పట్టీని చల్లటి నీళ్లలో వేసి సన్నని సెగ మీద పెడతారు. నీళ్లు మరగడానికి ముందే దాన్ని తీసేస్తారు, ఎందుకంటే మరిగితే జిగురు, వగరు దిగుతాయి. తర్వాత కత్సువోబుషి తురుము వేస్తారు. బొనిటో చేపను ఉడికించి, పొగబెట్టి, బూజు పట్టించి, నెలల తరబడి ఎండబెడితే వచ్చేదే కత్సువోబుషి. అది కొయ్యదుంగలా గట్టిపడుతుంది. వడ్రంగి చిత్రిక పట్టినట్టు ఒక పెట్టె మీద గీస్తే గులాబీ రంగు పొరలు రాలతాయి. అవి వేడి నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంటే చాలు, వడకట్టేస్తారు. చుక్క నూనె లేకుండా నోరు నిండే రుచి తయారవుతుంది.

ఆ రుచి గుట్టు 1908లో తెలిసింది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్త కికునాయే ఇకెదా, కొంబులో ఉన్న గ్లుటమేట్‌ను వేరు చేసి ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి ఏడే అది అజినొమొటో పేరుతో అంగట్లోకి వచ్చింది. 1913లో చేప తురుములో ఇనోసినేట్ ఉందని తేలింది. గ్లుటమేట్, ఇనోసినేట్ కలిస్తే రుచి రెండింతలతో ఆగదు, దానికి అనేక రెట్లు పెరుగుతుంది. నాచునూ చేపనూ కలిపి వండిన పాతకాలపు వంటవాళ్లకు ఈ పేర్లు తెలియవు, ఫలితం మాత్రం నాలుకతో తెలుసు.

నీళ్ల పాత్ర కూడా ఉంది. ఒసాకా, క్యోటో వైపు నీళ్లు మెత్తనివి, వాటిలోకి కొంబు సారం బాగా దిగుతుంది. పైగా ఉత్తరాన హొక్కైడో నుంచి కొంబు మోసుకొచ్చే ఓడలు ఒసాకాకు చేరేవి. టోక్యో వైపు నీళ్లు కాస్త గట్టివి కాబట్టి అక్కడ చేప తురుముకు, ముదురు సోయాసాస్‌కు పెద్దపీట వేశారు. ఇప్పటికీ ఉడాన్ నూడుల్స్ చారు ఒసాకాలో లేతగా, టోక్యోలో నల్లగా కనిపించడానికి ఇదొక కారణం. 2013 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన 'వాషోకు'కు, అంటే జపాన్ భోజన సంస్కృతికి, వెన్నెముక ఈ దాషియే.

దాషి నూనె అవసరాన్ని తగ్గించింది గానీ, ఉప్పును తగ్గించలేదు. మామూలు సోయాసాస్‌లో దాదాపు 16 శాతం ఉప్పే. మిసోలో రకాన్ని బట్టి 12 శాతం దాకా ఉంటుంది. ఊరగాయ, ఉప్పు చేప సంగతి చెప్పనక్కర్లేదు.

తెల్లన్నం తెచ్చిన జబ్బు

పాతకాలంలో జపాన్‌లో అందరూ తెల్లన్నం తినలేదు. పల్లెల్లో బార్లీ, చిరుధాన్యాలు, ముల్లంగి కలిపి వండుకునేవారు. బాగా దంచి పాలిష్ పట్టిన బియ్యం నగరవాసుల భోగం. ఎడో నగరానికి, అంటే నేటి టోక్యోకు, వచ్చిన సమురాయ్‌లకు కొంతకాలానికి కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దడ పుట్టేది. ఊరికి తిరిగి వెళ్లి ముతక అన్నం తింటే తగ్గిపోయేది. అందుకే దాన్ని 'ఎడో జబ్బు' అన్నారు. అది బెరిబెరి. తవుడుతో పాటు థయమిన్, అంటే విటమిన్ బీ1, పోవడం వల్ల వచ్చేది.

నౌకాదళ వైద్యుడు కనెహిరో తకాకి దీన్ని తిండితో ముడిపెట్టాడు. 1882లో సుదీర్ఘ యాత్రకు బయలుదేరిన ర్యూజో అనే శిక్షణ నౌకలో 169 మందికి బెరిబెరి వచ్చి 25 మంది చనిపోయారు. 1884లో త్సుకుబా అనే ఇంకో నౌకను అదే దారిలో పంపుతూ తకాకి ఆహారం మార్పించాడు, మాంసం, పాలు, గోధుమ చేర్పించాడు. ఈసారి బెరిబెరితో ఒక్కరూ చనిపోలేదు. మాంసకృత్తులు చాలకపోవడమే జబ్బుకు మూలమని ఆయన అనుకున్నది పొరపాటు, అయితే మందు మాత్రం సరిగ్గా పనిచేసింది. సైన్యం వైద్యాధికారులు ఇది సూక్ష్మక్రిమి జబ్బేనని పట్టుబట్టి తెల్లన్నం కొనసాగించారు. 1904-05 రష్యా యుద్ధంలో దాదాపు 27 వేల మంది జపాన్ సైనికులు బెరిబెరితో చనిపోయారు. 1910లో ఉమెతారో సుజుకి తవుడు నుంచి ఆ పోషకాన్ని వేరు చేశాక కూడా చర్చ కొన్నేళ్లు సాగింది.

ఈ జబ్బు మనకూ పరాయిది కాదు. బ్రిటిష్ కాలంలో భారతదేశంలో బెరిబెరి ఎక్కువగా కనిపించిన ప్రాంతం ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే నేటి కోస్తాంధ్ర. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అది అంతగా లేదు. వడ్లు ఉడికించేటప్పుడు తవుడులోని థయమిన్ గింజ లోపలికి దిగడమే అందుకు కారణం. మర పట్టిన పచ్చి బియ్యం తినే చోట ఆ రక్షణ లేకుండా పోయింది.

చక్రవర్తి తిన్న గొడ్డుమాంసం

క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాన్ని వ్యవసాయ నెలల్లో నిషేధించాడు. బౌద్ధం ప్రభావం దానికి తోడై నాలుగు కాళ్ల జంతువుల మాంసం పన్నెండు వందల ఏళ్ల పాటు బహిరంగ భోజనం నుంచి దాదాపు తప్పుకుంది. పూర్తిగా పోలేదు. అడవి పందిని 'కొండ తిమింగలం' అని పిలిచి తినేవారు, తిమింగలాన్ని చేప కింద లెక్కేసేవారు కదా మరి.

1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నట్టు ప్రజలకు తెలియజేశారు. పాశ్చాత్యులతో సమానంగా బలపడాలంటే వాళ్లలా తినాలన్నది అప్పటి పాలకుల ఆలోచన. సామాన్యుడి వంటింట్లోకి మాంసం నేరుగా స్టేక్‌లా రాలేదు, అన్నం పక్కన కూరగా వచ్చింది. సోయాసాస్, పంచదార వేసి ఉడికించిన గొడ్డుమాంసం, సన్నగా తరిగిన క్యాబేజీతో వడ్డించే పంది కట్లెట్, గోధుమపిండితో చిక్కబరిచిన కూర పోసిన కర్రీ రైస్, ఎర్ర చిక్కుడు తీపి ముద్ద నింపిన బన్ను, అన్నీ ఈ కాలానివే. కర్రీ అక్కడికి ఇండియా నుంచి కాకుండా బ్రిటన్ మీదుగా చేరింది. స్వాతంత్ర్యోద్యమకారుడు రాస్ బిహారీ బోస్ జపాన్‌లో తలదాచుకుని, అత్తవారి నకమురాయా దుకాణంలో 1927లో అసలైన భారతీయ కూర పెట్టించడం తర్వాతి కథ. షింజుకులోని ఆ దుకాణంలో ఆ కూర ఇప్పటికీ దొరుకుతుంది.

గమనించాల్సింది ఏమిటంటే, తొంభై ఏళ్ల పాటు కొత్త సరుకు ఏది వచ్చినా అన్నం గిన్నె చుట్టూనే సర్దుకుంది. దాన్ని పక్కకు నెట్టలేదు.

బడి భోజనం మార్చిన నాలుక

రెండో ప్రపంచ యుద్ధం ఓటమి తర్వాత దేశంలో ఆకలి. పిల్లలకు బడిలో భోజనం పెట్టడానికి అమెరికా గోధుమపిండి, వెన్న తీసిన పాలపొడి వచ్చాయి. 1954లో బడి భోజన చట్టం వచ్చింది. అదే ఏడాది అమెరికా తన మిగులు ధాన్యాన్ని విదేశాలకు అమ్ముకోవడానికి పీఎల్ 480 చట్టం చేసింది. ఆ చట్టం కింద వచ్చిన గోధుమలు మన దేశంలోనూ ఎర్ర గోధుమలుగా పెద్దవాళ్లకు గుర్తున్నవే. 1956 నుంచి అమెరికా సొమ్ముతో 'కిచెన్ కార్లు' అనే బస్సులు జపాన్ పల్లెల్లో తిరిగి గోధుమ, నూనె, సోయాలతో వంటలు చేసి చూపించాయి.

బడిలో అన్నం మొదలైంది 1976లో. అంటే ఒక తరానికి పైగా పిల్లలు మధ్యాహ్నం పూట పొడుగాటి బన్ను, పాలు అలవాటు చేసుకుంటూ పెరిగారు. చిన్నప్పటి నాలుక పెద్దయ్యాక బజారులో డబ్బు ఖర్చు పెడుతుంది. 1962లో తలసరి బియ్యం వాడకం ఏడాదికి 118 కిలోలు. అదే శిఖరం. ఇప్పుడు అది 50 కిలోల చుట్టుపక్కల ఉంది. 2011లో ఇళ్లలో బ్రెడ్ మీద పెట్టిన ఖర్చు మొదటిసారి బియ్యం ఖర్చును దాటింది.

తప్పంతా అమెరికాదే అనే వాదన జపాన్‌లో గట్టిగానే వినిపిస్తుంది. అది పూర్తిగా నిలవదు. అదే రోజుల్లో జీతాలు పెరిగాయి, ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది, 1955లో ఆటోమేటిక్ రైస్ కుక్కర్ వచ్చింది, 1958లో మొమోఫుకు ఆందో ఇన్‌స్టంట్ రామెన్ కనిపెట్టారు. 1970లో కేఎఫ్‌సీ, 1971లో మెక్‌డొనాల్డ్స్ వచ్చాయి. ఆదాయం పెరిగిన ప్రతిచోటా బియ్యం తగ్గి పాలు, మాంసం, నూనె పెరుగుతాయి. కొరియాలో, తైవాన్‌లో కూడా అదే జరిగింది. బడి భోజనం ఆ మార్పుకు దారి చూపింది, వేగం ఇచ్చింది.

ఆయుష్షు ఎప్పుడు పెరిగింది

1947లో జపాన్ మగవారి సగటు ఆయుర్దాయం 50 ఏళ్లు, ఆడవారిది 54. 1960కల్లా అవి 65, 70 అయ్యాయి. ఈ మొదటి దూకుడులో పెద్ద వాటా క్షయ తగ్గడానిది, పసిపిల్లల మరణాలు తగ్గడానిది. 1961కల్లా అందరికీ ఆరోగ్య బీమా అందింది. తిండి ప్రభావం ఎక్కువగా కనిపించేది ఆ తర్వాతి దశలో.

1951 నుంచి 1980 దాకా జపాన్‌లో మరణాలకు మొదటి కారణం పక్షవాతం. ముఖ్యంగా మెదడులో రక్తనాళం చిట్లడం. అకితా లాంటి ఉత్తరాది మంచు జిల్లాల్లో రోజుకు 20 గ్రాములకు పైగా ఉప్పు తినేవారు. నెలల తరబడి మంచు కురిసే చోట కూరగాయలు, చేప ఉప్పులో ఊరేస్తే తప్ప నిలవ ఉండవు. వాటిని నంజుకుని గిన్నెల కొద్దీ తెల్లన్నం తినేవారు. ఉప్పు రక్తపోటును పెంచింది. మాంసకృత్తులు, కొవ్వు మరీ తక్కువ కావడం వల్ల రక్తనాళాల గోడలు బలహీనపడ్డాయని వైద్యులు వివరించారు. 'సంప్రదాయ జపాన్ భోజనం' అసలు రూపంలో ఇలా ఉండేది.

మార్పు మూడు వైపుల నుంచి వచ్చింది. ఫ్రిజ్ వచ్చాక ఉప్పులో ఊరేయాల్సిన అవసరం తగ్గింది. గుడ్లు, పాలు, మాంసం వచ్చాక అన్నం తగ్గింది, అన్నం తగ్గితే నంజుడూ తగ్గింది. దానికి తోడు ఊరూరా ప్రచారం. నగానో జిల్లాలో వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి మిసో చారులో ఉప్పు ఎంతుందో కొలిచి చూపించారు, ఊరగాయ తగ్గించి కూరగాయలు పెంచమన్నారు. 1990 లెక్కల్లో నగానో మగవారు ఆయుర్దాయంలో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచారు. ఉప్పు వదలని అవొమొరి జిల్లా ఇప్పటికీ అట్టడుగున ఉంది.

1980 నాటికి సగటు జపనీయుడి కేలరీల్లో 60 శాతం పిండిపదార్థాల నుంచి, పాతిక శాతం కొవ్వు నుంచి, 13 శాతం మాంసకృత్తుల నుంచి వచ్చేవి. దీన్నే ప్రభుత్వం 'జపాన్ తరహా ఆహారం' అని పేరు పెట్టి మెచ్చుకుంది. తొహోకు విశ్వవిద్యాలయం పరిశోధకులు 1960, 1975, 1990, 2005 నాటి వారం రోజుల వంటలను తయారు చేసి, పొడి చేసి ఎలుకలకు పెట్టి చూశారు. 1975 నాటి తిండి తిన్నవాటిలోనే కొవ్వు తక్కువ చేరింది. ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అంటగట్టలేం. అయినా ఆహార చరిత్ర చెప్పే కథ కూడా ఆ వైపే చూపిస్తుంది. పళ్లెం పాతది, చారు పాతది, చేప ఉంది, దాని పక్కకు గుడ్డు, గ్లాసుడు పాలు, కొంచెం మాంసం వచ్చాయి.

ఒకినావా: ముందు ఎక్కి, ముందు జారిన ద్వీపం

వాట్సాప్ సందేశాల్లో ఎక్కువగా కనిపించే పేరు ఒకినావా. 'హరా హచిబు', అంటే కడుపు పదిలో ఎనిమిది వంతులు నిండగానే ఆపు అనే మాటను ఆ ద్వీపంతోనే ముడిపెడతారు. యుద్ధం ముగిసిన కొత్తలో అక్కడి జనం తిండిలో సగానికి మించి చిలగడదుంపే. అన్నం తక్కువ, కాకరకాయ, టోఫు, కొంబు, అప్పుడప్పుడూ బాగా ఉడికించి కొవ్వు తీసిన పంది మాంసం. ఉప్పు ప్రధాన భూభాగం కంటే తక్కువ.

1945 నుంచి 1972 దాకా ఒకినావా అమెరికా పాలనలో ఉంది. మెక్‌డొనాల్డ్స్ టోక్యోకు రావడానికి ఎనిమిదేళ్ల ముందే, 1963లో, ఒకినావాలో అమెరికన్ హాంబర్గర్ డ్రైవ్-ఇన్ తెరిచారు. డబ్బా మాంసం ఇంటింటి కూర అయింది. రైళ్లు లేవు కాబట్టి అందరూ కార్లలోనే తిరిగారు. ఫలితం వెంటనే కనపడదు, ఎందుకంటే నూరేళ్ల ముసలివాళ్లు పాత తిండి మీద పెరిగినవాళ్లు, బర్గర్ తిన్నది వాళ్ల మనవలు. 1985లో మొదటి స్థానంలో ఉన్న ఒకినావా మగవారు 2000 లెక్కల్లో 47 జిల్లాల్లో 26వ స్థానానికి పడిపోయారు. జపాన్ పత్రికలు దాన్ని '26 షాక్' అన్నాయి. 2020 లెక్కల్లో వారి స్థానం 43.

తిండి మారిన ముప్పై నలభై ఏళ్లకు గానీ మరణాల లెక్క మారదని ఒకినావా చూపిస్తుంది. నేటి జపాన్ ఆయుర్దాయాన్ని చూసి నేటి జపాన్ తిండిని మెచ్చుకోవడం అందుకే తొందరపాటు అవుతుంది.

చేప ఎందుకు తగ్గింది

చుట్టూ సముద్రం ఉన్న దేశంలో 2011 నుంచి చేప కంటే మాంసం ఎక్కువ తింటున్నారు. 2001లో తలసరి చేప వాడకం ఏడాదికి 40 కిలోలు, ఇప్పుడు దాదాపు సగం. సుషీ దుకాణాలు కిటకిటలాడుతుండగా ఇదెలా సాధ్యం అంటే, తగ్గింది ఇంట్లో వండే చేప. చిన్న ఫ్లాట్‌లో చేప కాలిస్తే వాసన రెండు రోజులు పోదు. గ్రిల్ కడగాలి, ముళ్లు తీయాలి, చెత్తబండి వచ్చే రోజు దాకా చేప తలకాయ ఇంట్లో ఉంచుకోవాలి. చికెన్ ముక్కకు ఈ బాధలేవీ లేవు, ధర కూడా తక్కువ.

చేప రకం కూడా మారింది. పిల్లలకు ఇష్టమైన సాల్మన్ సుషీ నిజానికి పాత వంటకం కాదు. జపాన్ సముద్రపు సాల్మన్‌లో పరాన్నజీవులు ఉంటాయి కాబట్టి దాన్ని పచ్చిగా తినేవారు కాదు. 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అమ్ముకోవడానికి గట్టి ప్రయత్నం చేశాకే అది సుషీ మీదికెక్కింది.

ఇంటి వంట స్థానంలోకి వచ్చింది కొన్బిని, అంటే 24 గంటల దుకాణం. 1974లో టోక్యోలో మొదటి సెవెన్-ఇలెవెన్ తెరిచినప్పటి నుంచి పెరిగి, ఇప్పుడు దేశంలో ఇలాంటివి 55 వేలకు పైగా ఉన్నాయి. అక్కడ అమ్మే ఒనిగిరి అనే అన్నం ముద్ద చుట్టిన ప్లాస్టిక్ కవరు చూస్తే ఆ పరిశ్రమ ఎంత శ్రద్ధగా పనిచేస్తుందో తెలుస్తుంది. అన్నానికీ నాచు కాగితానికీ మధ్య ఇంకో పొర ఉంటుంది. మధ్యలో ఉన్న పట్టీ లాగి, రెండు మూలలూ చెరో వైపు లాగితే ఆ పొర జారిపోయి, నాచు కరకరలాడుతూ అన్నానికి చుట్టుకుంటుంది. అన్నం ఇక్కడా ఉంది, చారు, కూర, ఊరగాయ మాత్రం పక్కన లేవు. 2020 జనాభా లెక్కల్లో ప్రతి వంద ఇళ్లలో 38 ఒంటరి మనిషి ఇళ్లే. ఒక్కరి కోసం ఎవరూ నాలుగు గిన్నెల భోజనం వండుకోరు. ఒంటరిగా తినడానికి అక్కడ 'కోషోకు' అని ప్రత్యేకంగా ఒక మాటే పుట్టింది.

ప్రభుత్వం ఊరుకోలేదు. 2005లో ఆహార విద్య చట్టం తెచ్చింది. 2008 నుంచి 40-74 ఏళ్లవారి నడుము కొలిచే ఆరోగ్య పరీక్ష పెట్టింది, మగవారికి 85 సెంటీమీటర్లు, ఆడవారికి 90 హద్దు. తీవ్ర స్థూలకాయం ఇప్పటికీ అక్కడ తక్కువే, బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత, 30 దాటినవారు వందలో ఐదుగురు కూడా ఉండరు. అంతకంటే దిగులు పెట్టేవి వేరే ఉన్నాయి. ఇరవైల్లో ఉన్న ఆడవారిలో ఐదుగురిలో ఒకరు ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారు. ఒంటరి వృద్ధుల్లో మాంసకృత్తులు చాలక కండ కరిగిపోతోంది. ఉప్పు ఇప్పటికీ రోజుకు 10 గ్రాముల దగ్గరే ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 లోపు.

తక్కువ తిన్నా కొరత ఎందుకు

బియ్యం వాడకం సగానికి పైగా పడిపోయిన దేశంలో కొరత రావడం వింతగా కనిపిస్తుంది గానీ, వాడకం పడిపోవడమే కొరతకు దారితీసింది. జనం తినడం తగ్గించేసరికి నిల్వలు పేరుకుని ధర పడింది. రైతును కాపాడటానికి 1970 ప్రాంతంలో ప్రభుత్వం వరి సాగు తగ్గించుకుంటే డబ్బిచ్చే విధానం పెట్టింది. 2018లో దాన్ని లాంఛనంగా ఎత్తేసినా, వరి బదులు వేరే పంట వేస్తే రాయితీలు కొనసాగాయి. ప్రతి ఏడాదీ ఎంత తింటారో లెక్కేసి అంతే పండించారు. మిగులు లేదు కాబట్టి చిన్న కుదుపుకే లెక్క తప్పింది.

2023 వేసవిలో ఎండలకు గింజ నాణ్యత దెబ్బతింది, మర పట్టాక మంచి బియ్యం తక్కువ వచ్చింది. విదేశీ పర్యాటకులు పెరిగి హోటళ్ల వాడకం పెరిగింది. 2024 ఆగస్టు 8న భూకంపం తర్వాత పసిఫిక్ తీరం వెంట ఉన్న నన్‌కాయ్ ప్రాంతంలో మహా భూకంపం రావచ్చని హెచ్చరిక వెలువడింది. జనం ముందు జాగ్రత్తగా బియ్యం కొని పెట్టుకున్నారు. అరలు ఖాళీ. 2025 మే నాటికి 5 కిలోల సంచి సగటు ధర 4,200 యెన్లు దాటింది, ఏడాది ముందు దానిలో సగం. తన ఇంట్లో మద్దతుదారులు ఇచ్చిన బియ్యం బోలెడు ఉంది, ఎప్పుడూ కొననే లేదు అన్న వ్యవసాయ మంత్రి ఆ నెలలోనే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన స్థానంలో వచ్చిన షింజిరో కొయిజుమి ప్రభుత్వ నిల్వల బియ్యాన్ని దాదాపు 2,000 యెన్లకు అమ్మించారు. వాటి కోసం షాపుల ముందు బారులు తీరారు. ఒకప్పుడు జపాన్ వాళ్లు ముట్టని కాలిఫోర్నియా బియ్యం కూడా అరల్లోకి వచ్చింది.

దీని ప్రభావం ఎటు పోతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. మొదటిది రైతు. ప్రధానంగా వ్యవసాయం మీదే ఆధారపడ్డవారి సగటు వయసు 2024లో 69 ఏళ్ల దగ్గరుంది, వారి తర్వాత పొలంలోకి దిగేవారు చాలా తక్కువ. సాగు పెంచమన్నా పెంచే చేతులు కావాలి. రెండోది వంటిల్లు. బియ్యం ఖరీదైనప్పుడు బ్రెడ్‌కో పాస్తాకో మారిన ఇల్లు ధర దిగాక మళ్లీ అన్నానికి వస్తుందా అన్నది ప్రశ్న. బ్రెడ్ కాల్చుకున్న ఉదయాన మిసో చారు కాయరు, చేప ముక్క కాల్చరు, ముల్లంగి ఊరగాయ సీసా తీయరు. వెన్న, జామ్, కాఫీ వస్తాయి. అన్నం గిన్నె లేచిపోతే దాని చుట్టూ ఉన్న నాలుగు గిన్నెలూ దానితోపాటే లేస్తాయి.